ట్రయల్‌కని తీసుకెళ్లిన జీపు

ధడ్!

బంపర్‌కి ఏదో తగిలింది. మెత్తగా.

హృషీకేశ్ బ్రేకు తొక్కడు. వెనక్కి తిరిగి చూడడు. గేరు మార్చి యాక్సిలరేటర్ అదిమి తొక్కుతాడు.

"ఆపప్పా... ఆపూ!" అంటూ అడ్డం వచ్చిన రాజారత్నం ఇప్పుడు రోడ్డు మీద లేడు. పక్కన కాలవలో పడి ఉన్నాడు.

పడనీ! ముసలాణ్ణి ఎవడు అడ్డం రమ్మన్నాడు?

"ఒక్క రౌండు ట్రయల్ చూసి వస్తా" అంటే తాళం తెచ్చి చేతిలో పెట్టాడు. అంత వెర్రిబాగులవాడికి ఇలాంటి జీపు దేనికి?

పాత పెట్రోల్ జీపు. ఫోర్ వీల్ డ్రైవ్. ఇంజను కూడా దాంతోపాటు పుట్టిందే. చిత్తూరు జిల్లా అంతా గాలించినా ఇలాంటిది ఇంకోటి దొరకదు. హృషీకేశ్ ఎన్నిసార్లు అడిగాడో! రాజారత్నం ఒకటే మాట... అమ్మను. పొద్దున లేస్తే గుడ్డ పట్టుకుని దాన్ని తుడుచుకుంటూ కూర్చుంటాడు.

అందుకే ఈ సాయంత్రం హృషీకేశ్ తిరుపతి నుంచి పాకాలకి బస్సులో వచ్చాడు. బస్సులో తిరిగి వెళ్లే ఉద్దేశం లేదు.

కాట్పాడి చేరితే చాలు. అక్కడ లారీ రెడీగా ఉంది. జీపు అందులోకి ఎక్కిందంటే ఇక పట్టుకోవడం ఎవడబ్బ తరం?

వెనక... డగ డగ డగ డగ!

అద్దంలో హెడ్‌లైటు. ఒక్కటే. రెండోది గుడ్డిది.

కృపామణి! రాజారత్నం కూతురు. మామిడికాయలు తోలే జీపేసుకుని వస్తోంది!

"ఛీ!" అంటాడు హృషీకేశ్. భయంతో కాదు, అసహ్యంతో.

జీపుకి డీజిల్ ఇంజను! బంగారం లాంటి పెట్రోల్ ఇంజను పీకి పాతసామానుకి వేసి, ఏదో వ్యాను ఇంజను తెచ్చి బిగించారు. వీళ్లని జైల్లో వెయ్యాలి.

ఆ తండ్రి తక్కువవాడా? పెట్రోల్ పంపు చెడిపోతే బాగుచేసుకోవడం చేతకాలేదు. ముందు అద్దం పక్కన ప్లాస్టిక్ క్యాను వేలాడదీసి, అడుగున ట్యాప్ పెట్టి, అక్కణ్నుంచి కార్బొరేటర్‌కి పైపు లాగాడు. ముష్టి ఏర్పాటు!

లైటు దగ్గరపడుతోంది.

ఎడమవైపు మామిడితోట... సందు!

స్టీరింగ్ విరగ్గొట్టినట్టు తిప్పుతాడు. జీపు గట్టెక్కి, చెట్ల మధ్యకి దూకుతుంది. లైట్లు ఆఫ్. ఇంజను ఆఫ్.

చెయ్యి దానంతటది పైకి లేచి క్యాను ట్యాప్ కట్టేస్తుంది. కట్టకపోతే కార్బొరేటర్ పొంగి పెట్రోల్ కారిపోతుంది. పాత బళ్లతో ముప్పై ఏళ్ల అలవాటు. ఆ పని మరిచిపోయిన గాడిదల్ని ఎంతమందిని తిట్టాడో!

డగ డగ డగ... రోడ్డు మీద డీజిల్ జీపు దాటిపోయింది.

హృషీకేశ్ పడీపడీ నవ్వుతాడు. వెళ్లమ్మా, వెళ్లు! కాయలు తోలుకో!

సెల్ఫ్ కొడతాడు. ఒక్క దెబ్బకే స్టార్ట్! తోటకి అవతల మట్టిబాట. అది పట్టుకుంటే మళ్లీ మెయిన్ రోడ్డే.

కాస్త దూరం పోయిందో లేదో... దగ్గు. ఇంకో దగ్గు. జీపు ఆగిపోయింది.

"కార్బొరేటర్!" పళ్లు నూరుతాడు. "తుడవడం వచ్చు గానీ క్లీన్ చెయ్యడం రాదు వెధవకి!"

బానెట్ ఎత్తుతాడు. సెల్‌ఫోన్ లైటు నోట్లో కరుచుకుని, స్క్రూలు ఊడదీస్తాడు. వేళ్లు కాలుతున్నాయి. కార్బొరేటర్ లోపల... చుక్క పెట్రోల్ లేదు!

చెత్త అడ్డం పడిందా? పైపు పీకి ఊదుతాడు. గాలి వెళ్లడం లేదు. మళ్లీ ఊదుతాడు. రాజారత్నాన్నీ, వాళ్ల నాయన్నీ, పాకాలనీ కలిపి తిడతాడు.

అప్పుడు తడుతుంది.

ట్యాప్!

కట్టింది ఎవరు? తనే!

డగ డగ డగ డగ...

సెల్‌ఫోన్ వెలుగు పట్టుకుని వెనక్కొచ్చిన ఒంటి లైటు సూటిగా మొహం మీద పడుతుంది. కృపామణి దిగింది. ఒక చేతిలో నాటు తుపాకీ, రెండో చేతిలో ఇంకా వెలుగుతున్న ఫోను.

"ట్రయల్ అయిపోయిందా సార్?"

తోటలో పందుల్ని కొట్టే తుపాకీ. పేలితే గుండ్లకన్నా నిప్పురవ్వలే ఎక్కువ ఎగురుతాయి.

నిప్పురవ్వలు! హృషీకేశ్ బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. గబుక్కున ట్యాప్ తిప్పేస్తాడు. ఊడిన పైపులోంచి పెట్రోల్ ధార వేడి ఇంజను మీద పడి, కిందికి కారి, అతని బూట్లు తడుపుతుంది. గుప్పుమని వాసన!

రెండడుగులు పక్కకి జరుగుతాడు. తన జాగ్రత్త తనది.

"కాల్చమ్మా! కాల్చు! ఒక్క రవ్వ పడిందంటే మీ నాయన జీపు భగ్గుమంటుంది!"

ఆమె కదలదు.

చూశావా! వీళ్ల సంగతి తనకి తెలియదూ? ప్రాణమైనా ఇస్తారు గానీ ఈ ఇనప ముక్కని వదలరు.

"తుపాకీ కింద పెట్టు. నీ డబ్బా జీపు పక్కకి తియ్. రేపు పొద్దున మీ నాయనకి తుడుచుకోడానికి జీపు ఉండాలా వద్దా?"

కృపామణి ఫోను జేబులో పెట్టుకుంటుంది. తుపాకీని రెండు చేతులా పట్టుకుంటుంది.

"మా తమ్ముడు ఏబెల్ ఫోన్ చేసినాడు. నాయన ఆస్పత్రి దాకా కూడా రాలేదంట... దావలోనే సచ్చిపోయినాడు."

పెట్రోల్ కారుతూనే ఉంది.

"తుడిసే మనిషే లేడు సార్. ఇంక ఈ జీపు నాకెందుకు?"

అతని చెయ్యి ట్యాప్ వైపు సాగుతుంది. అందదు. రెండడుగుల దూరం!

"అమ్మా... ఆగమ్మా!"

ఠాం!