బోనం ఎక్కే దాకా

నిజాంసాగర్ కాలువలో తేలిన శవం జేబులో ఒక మాత్రల స్ట్రిప్ దొరికింది. చనిపోయినవాడు ఫుర్ఖాన్. లోకానికి మెడికల్ రిప్రజెంటేటివ్, మన నిఘా విభాగానికి ఏజెంట్. మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఒక్కటే ఉంది.

నిజామాబాద్‌లో ఒక పసుపు గోదాము వెనక గదిలో చీఫ్ మల్లికార్జున్ ఆ స్ట్రిప్‌ను ఏజెంట్ హఫ్సా ముందు టేబుల్ మీద పడేశాడు.

"గర్భం రాకుండ ఏసుకునే మాత్రలు, హఫ్సా. మామూలు పిల్ గూడ ఆడోళ్ల ఇమ్యూనిటీని కొంచెం అటిటు కదుపుతదంట. ఎవరిల ఎంత అన్నది సైంటిస్టులే ఇంక తేల్చలే. గీ విదేశీ ముఠా అండ్ల ఇంకోటి కలిపింది. మూడు వారాలు మింగితే ఇమ్యూనిటీ మొత్తం పండుకుంటది. ఇగ చిన్న క్రిమి చాలు."

"ఎవరు మింగుతున్నరు సార్?"

"బోధన్ పక్కన ఒక చెరుకు ఊరు. రెండు వందల మంది ఆడోళ్లు. పోచమ్మ బోనాలకు నెలసరి అడ్డం రావద్దని మూడు వారాల కింద ఫ్రీగ పంచిండ్రు. ఆదివారం బోనాలు. క్రిమిని సోమవారం హెల్త్ క్యాంపుల తాగిపిస్తరని సుష్మ మెసేజ్."

డాక్టర్ సుష్మ ముఠాలో ఉన్న మన మనిషి. మహా అందగత్తె. ఆ నవ్వు మాత్రం హఫ్సాకు ఏనాడూ నచ్చలేదు. పైగా ఆ ఊళ్లో అఖిల ఉంది, బోధన్ బడిలో పదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న అఖిల. అందుకే హఫ్సా గాజులమ్మే వేషంలో ఒకరోజు ముందే బయల్దేరింది. చేతికున్న గాజుల్లో ఒకటి సెన్సర్. క్రిమి తగిలితే నల్లబడుతుంది.

ఆదివారం మధ్యాహ్నం. పోచమ్మ గుడి ముందు షామియానా, దాని కింద రెండు వందల గ్లాసుల రోజా షర్బత్. పక్కన పట్టుచీరలో సుష్మ. అంటే సోమవారం అన్నది పచ్చి అబద్ధం.

హఫ్సా చేయి జారినట్టు గాజును ఒక గ్లాసులో ముంచింది. గాజు నల్లబడింది. ఇయర్‌పీస్‌లో గుసగుసగా టీంను పిలిచింది. అప్పుడు చూసింది, గ్లాసులన్నీ నిండుగానే ఉన్నాయి.

"ఎవ్వలు తాగలేదా అవ్వా?"

"ఒక్కపొద్దున్నం బిడ్డా," అంది బోనమెత్తుకున్న అంజవ్వ. "అమ్మకు బోనం ఎక్కందే మంచినీళ్లు గూడ తాగం."

నెలసరి సంగతి ఆరా తీసిన ముఠాకు ఒక్కపొద్దు సంగతి తెలియలేదు. ఖర్మ. ఎండలో వస్తూనే తాగేస్తారనుకున్న సుష్మ గంట నుంచి వాచీ చూసుకుంటోంది.

డప్పు ఆగింది. ఆఖరి బోనం అమ్మకు ఎక్కింది. ఎండిన గొంతులన్నీ షామియానా వైపు తిరిగాయి. అందరికంటే ముందు అఖిల గ్లాసు పెదాల దాకా ఎత్తింది.

హఫ్సా గాజుల పెట్టె విసిరింది. అఖిల చేతిలో గ్లాసు ఎగిరిపోయింది. సుష్మ కొప్పులోంచి సూది తీసేలోగా హఫ్సా టేబుల్‌ను ఆమె మీదికే తన్నింది. సంకెళ్లు పడ్డాయి. మన టీం బ్లీచింగ్ చల్లడం మొదలుపెట్టింది.

"రెండేళ్లు స్టడీ చేశాను," అంది సుష్మ పళ్లు కొరుకుతూ. "ఎక్కడ తప్పాను?"

"ఏం సదువుకున్నవో ఏమో," అంది అంజవ్వ. "అమ్మకు పెట్టకముందు ఎవలన్న నోట్ల పెట్టుకుంటరా?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "శభాష్. మిషన్ అయిపోయింది. ఇగ రా."

హఫ్సా బయల్దేరింది. వెనక అఖిల తుమ్మింది.

"తుమ్ము పడ్డది, ఒక్క నిమిషం కూసొని పో," అంది అంజవ్వ.

హఫ్సా కూర్చుంది. కూర్చునే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ మాత్రలు మింగినవాళ్లందరికీ రెండు వందల మంచాలు అడిగింది.