నీలం చుక్క

"ఛీ, ఏం కంపు పిన్నీ! ముక్కు ఊడిపోయేలా ఉంది!"

"ఊడితే అతికిద్దాంలే. ముందు ఈగను చూడు" అంటూ పిన్ని గడుగ్గాయి చేతికి సీసా ఇచ్చింది.

గడుగ్గాయి అంటే మన కథలో అమ్మాయి. అసలు పేరు వాళ్ళ టీచర్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇక పిన్ని ఉద్యోగం ఈగల్ని వెతకడం. నవ్వకండి, నిజం! సముద్రం ఒడ్డున కుళ్ళిన నాచులో ఒక రకం ఈగ ఉంటుంది. అది ఏయే చోట్ల ఉందో పిన్ని మ్యాప్‌లో గుర్తు పెడుతుంది.

గడుగ్గాయి భూతద్దంతో సీసాలోకి చూసింది. ఈగ ఒళ్ళు ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. కాళ్ళ నిండా బిరుసు వెంట్రుకలు.

"ఇదే పిన్నీ! మనింట్లో వాలే ఈగ కాదు!"

"శభాష్! ఎర్ర చుక్క పెట్టు."

ఈగ దొరికితే మ్యాప్‌లో ఆ చోట ఎర్ర చుక్క అంటించాలి. బాగా వెతికినా దొరక్కపోతే నీలం చుక్క.

"నేను ఇసుక దిబ్బల వైపు చూసొస్తా. రాళ్ళ పక్కనున్న నాచుగుట్ట నీది. నువ్వే చూసి, నువ్వే చుక్క పెట్టాలి, సరేనా?" అంది పిన్ని. గడుగ్గాయి ఉబ్బితబ్బిబ్బయింది.

తీరా వెళ్తే అక్కడ నాచు నల్లగా బురదలా ఉంది. గడుగ్గాయి ముక్కు మూసుకుంది. దూరం నుంచే మెడ చాచి చూసింది. ఏదీ ఎగరడం లేదు. 'ఈ కంపులో ఈగలు కూడా ఉండవులే' అనుకుని, చేతిలోని మ్యాప్‌లో నీలం చుక్క అంటించేసి చక్కా వచ్చేసింది.

మధ్యాహ్నం పిన్ని ఆఫీసు గదిలోకి, ఒడ్డు శుభ్రం చేసే ట్రాక్టర్ డ్రైవర్ వచ్చాడు. పిన్ని గోడకి తగిలించిన ఆ మ్యాప్ చూశాడు.

"నీలం చుక్కలున్న చోట నాచు ఎత్తి పారెయ్యమన్నారమ్మా. రాళ్ళ దగ్గర మొదలుపెట్టనా?"

గడుగ్గాయి గుండె గుభేలుమంది. "ఎత్తేస్తే... ఈగలు ఏమవుతాయి పిన్నీ?"

"ఉంటే గుడ్లతో సహా పోయేవి. వాటిని తినే పిట్టలు పస్తులుండేవి. అక్కడ లేవుగా, నువ్వే చూశావు కదా!"

గడుగ్గాయి తల దించుకుంది.

"నేను చూడలేదు పిన్నీ. కంపు కొడుతోందని దూరం నుంచే చుక్క పెట్టేశాను."

పిన్ని ముఖం చిన్నబోయింది. సంచి భుజాన వేసుకుంది. "సీసా తీసుకో, పద."

"నేను ఈలోపు టీ తాగుతా. పరిగెత్తండి!" అన్నాడు డ్రైవర్.

ఈసారి గడుగ్గాయి గుట్ట పక్కనే గొంతుక్కూర్చుంది. పుల్లతో నాచు పైకెత్తింది. అంతే, బుర్రుమని ఈగల గుంపు లేచింది! ఒకటి వచ్చి సరిగ్గా ఆమె ముక్కు మీదే వాలింది.

"పిన్నీ! త్వరగా చూడు! నేను కదిలితే పోతుంది!"

పిన్ని భూతద్దం గడుగ్గాయి ముక్కు దగ్గర పెట్టింది. చదునైన ఒళ్ళు, బిరుసు కాళ్ళు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఈగ ఎగిరిపోయింది.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. గోడ మీది మ్యాప్‌లో నీలం చుక్క పీకేసి గడుగ్గాయే ఎర్రది అంటించింది. డ్రైవర్ మ్యాప్ చివర వేలు పెట్టాడు. "మరి ఈ లైట్‌హౌస్ దగ్గర గుట్టకి ఏ రంగు?"

పిన్ని గడుగ్గాయి వైపు చూసింది. గడుగ్గాయి నీలం చుక్కల డబ్బా మూత పెట్టేసింది.

"దానికి చుక్క లేదు బాబాయ్. ఇంకా చూడలేదు. రేపు చూసి చెప్తాం, అప్పటిదాకా ట్రాక్టర్ తీసుకెళ్ళకు."

"అలాగే మేడమ్!" అని డ్రైవర్ సలాం కొట్టాడు.

గడుగ్గాయి సీసా శుభ్రంగా కడిగి, తుడిచి, రేపటి కోసం సంచిలో పెట్టుకుంది.