ఆగే బొమ్మ గీయలేదు

పోతమ్మ గంప దిగితేగాని మద్దిలపాలెం సందుల్లో పులుసు గిన్నె పొయ్యెక్కేది కాదు. చేయి వెయ్యకుండా, మెడ కదపకుండా, నెత్తిన చేపల గంపతో ఆమె నడిచొస్తుంటే రిక్షావాళ్లే పక్కకి తప్పుకునేవాళ్లు. ఐసు నీళ్లు ఒక్క బొట్టు చీర మీద పడేది కాదు. జాలరిపేటలో మిగతా ఆడవాళ్లది ఆమె దృష్టిలో నడకే కాదు. "బాతులూ నడుత్తాయి," అనేసేది.

ఆ నడకే కావాలన్నాడు మోహన్.

వాడు పోతమ్మ అక్క గంగాలమ్మ కొడుకు. వాణ్ణి కన్నాక గంగాలమ్మకి నడుం కింద చచ్చుబడిపోయింది. పోయేదాకా మంచం దిగలేదు. వాణ్ణి పెంచిందీ, చేపలమ్మి చదివించిందీ పోతమ్మే. వాడు అమ్మా అని పిలిచిందీ ఆమెనే. మంచంలోంచి గంగాలమ్మ పళ్లు నూరేది. "నా బిడ్డని లాక్కున్నావే. నాకే కాళ్లుంటేనా..." ఆ మనిషి పోయి ఏళ్లు గడిచినా పోతమ్మ ఆ మాట మరవలేదు. మరిచిపోవడం ఆమె ఇంటా వంటా లేదు.

మోహన్ బస్సు డిపో పక్క మేడ మీద, కార్టూన్ సినిమాలు తీసే కంపెనీలో బొమ్మలు గీస్తాడు. ఆమె నడుస్తుంటే వీడియో తీసుకున్నాడు. "సినిమాలో నీ మొకమే ఉంటాదమ్మా," అని ఒట్టేశాడు.

వానాకాలం ఒక సాయంత్రం చూడ్డానికి రమ్మన్నాడు. పోతమ్మ ఖాళీ గంప మెట్ల కింద పెట్టి పైకెళ్లింది. చీకటి గది. పెన్సిలు పొట్టు వాసన. కుర్చీలో కంపెనీ ఓనరు పోలిరాజు.

"సార్, మా పిన్ని," అన్నాడు మోహన్.

పిన్ని! నిన్నటిదాకా అమ్మా అన్నాడు.

తెర మీద వీధి వెలిగింది. వాళ్ల జాలరిపేట వీధే. కుళాయి, బజ్జీల కొట్టు, వాళ్ల ఇల్లు. గంపతో ఒక ఆడమనిషి నడుస్తోంది. అడుగు పోతమ్మది. నడుం పోతమ్మది.

మొకం గంగాలమ్మది.

"ఏట్రా ఇది?"

వాడు తల ఎత్తలేదు. "మాయమ్మ నడుత్తుంటే నానెప్పుడూ సూళ్లేదు. ఒక్కసారి సూడాలనిపించింది."

"మరి నానెవల్నిరా?"

పోలిరాజు కల్పించుకుని, "మావాడు ఎంత కష్టపడ్డాడనుకున్నారండీ! కింద లైటున్న అద్దం మీద కాగితం పెట్టి, మీ అడుగడుగూ దిద్దేడు," అన్నాడు.

పోతమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. అక్క నడుస్తోంది... నడుస్తూనే ఉంది. "గంపెక్కడ దించుతాది?"

"దించదు పిన్నీ. ఉన్నవి కాసిని బొమ్మలే. ఆఖరి బొమ్మ అవగానే మళ్లీ మొదటిది. మనిషి ఉన్నచోటే నడుత్తాది. ఎనకాల వీధిని జరుపుతాం."

"ఆగే బొమ్మ?"

"గీయలేదు. దాంతో పనేటి?"

తెర మీద గంగాలమ్మ తల ఇటు తిప్పింది. మోహన్ చూడలేదు. పోలిరాజు చూడలేదు. పోతమ్మ చూసింది... అక్క నవ్వింది.

ఆమె గబగబా మెట్లు దిగి, గంప నెత్తికెత్తుకుని పేట దారి పట్టింది. వాడితో మాట లేదు, వాడి చేతి మెతుకు ముట్టేది లేదు అనుకుంటూ నడిచింది. పేట వీధిలోకి తిరిగేసరికి గాలి ఆగిపోయింది. సముద్రం హోరు లేదు. ఎండుచేపల వాసన లేదు. పెన్సిలు పొట్టు వాసన.

కుళాయి దాటింది. బజ్జీల కొట్టు దాటింది. ఇల్లు వచ్చింది. ఆగబోయింది.

కాళ్లు ఆగలేదు.

ఇల్లు పక్కనుంచి జరిగిపోయింది. మళ్లీ కుళాయి... బజ్జీల కొట్టు. కొట్టువాడి చేతిలోంచి పిండి, కిందికి జారుతూ జారుతూ గాల్లోనే ఉంది. ఖాళీ గంప బరువెక్కింది. దించుదామంటే చేతులు లేవవు.

మళ్లీ ఇల్లు. లోపల దీపం.

"మోహనూ..." నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు.

మళ్లీ కుళాయి. మళ్లీ కొట్టు. మళ్లీ ఇల్లు. ఈసారి తలుపు బార్లా తీసుంది. మోహన్ కంచం ముందు కూర్చున్నాడు. పక్కన నిలబడి ఒక ఆడమనిషి వడ్డిస్తోంది. నిలబడి! పొయ్యి దగ్గరికి వెళ్లింది. వచ్చింది. హాయిగా కూర్చుని కాళ్లు చాపుకుంది. అక్క.

"ఇంకాస్త పులుసెయ్యమ్మా," అన్నాడు మోహన్.

ఇల్లు జరిగిపోయింది.

పోతమ్మ అరిచింది. ఏ ఇంటి తలుపూ తెరుచుకోలేదు. అప్పుడు చూసింది... తన ముందు ఇంకో ఆడమనిషి నడుస్తోంది. నెత్తిన గంప. పాతకాలపు చీరకట్టు. పేటలో ఎన్నడూ చూడని మనిషి. ఆమె ముందు మరో మనిషి. ఆ ముందు మరొకామె...

ముందున్నామె వెనక్కి తిరక్కుండానే, గుసగుసగా అడిగింది.

"నిన్నెవలు గీసినారే? నీ కొడుకేనా?"