తూర్పు గోడ

ఆ పూట ఎండ బాగా కాసింది. జనవరిలో అలాంటి ఎండ ఎప్పుడో గాని రాదని ఫిలీనా చంటివాడి గుడ్డలన్నీ ఉతికి గడ్డి మీద ఆరేసింది. మగడు హైరమ్ మొక్కజొన్నలు మర పట్టించుకు రావడానికి ఎద్దుల బండి కట్టాడు.

"రేపటికల్లా వచ్చేస్తా. పొయ్యి మాత్రం ఆరనివ్వకు," అన్నాడు.

ఏడేళ్ల కూతురు లవీనా బండి వెనకాల కొంత దూరం పరిగెత్తి, రొప్పుకుంటూ తిరిగొచ్చింది.

నెబ్రాస్కా మైదానంలో వాళ్లకది మొదటి చలికాలం. చుట్టుపక్కల ఎక్కడా కలప లేదు. అందుకని హైరమ్ గుట్ట పక్కన తొలిచి ఒక గది చేశాడు. మూడు వైపులా గుట్ట మట్టే గోడ. పడమటి వైపు మాత్రం గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టి పెళ్లలు పేర్చి, తలుపూ ఒక చిన్న కిటికీ పెట్టాడు. పొగగొట్టం పైన గడ్డిలోంచి తేలుతుంది. ఇది ఇల్లా, ఎలుక బొరియా అని ఫిలీనా మొదట్లో ఏడ్చింది. తర్వాత అలవాటు పడింది.

ఒహాయోలో బయల్దేరినప్పుడు హైరమ్ తల్లి కెజాయా కూడా వాళ్లతో బండెక్కింది. ఆవిడ నోరు మంచిది కాదు. "నీ రొట్టె మీద బండి పోనిస్తే చక్రమే విరుగుతుందే ఫిలీనా," అని పదిమందిలో నవ్వేది. ఆ రొట్టెనే తన వాటాలోంచి తుంచి మనవరాలికి దాచిపెట్టేది. లవీనాని 'పిచ్చుకా' అని పిలిచేది. పిల్ల ఆవిడ పక్కలో తప్ప పడుకునేది కాదు.

ప్లాట్ నది ఒడ్డున ఆవిడకి కలరా తగిలింది. పొద్దున తగిలింది, సాయంత్రానికి ఆవిడ పోయింది. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "నన్నిక్కడ ఒంటరిగా వదిలెయ్యకురా," అంది. వదలక తప్పలేదు. వలస వెళ్లే బండ్ల వరస ఎవరి కోసమూ ఆగదు. దుప్పట్లో చుట్టి దారి మధ్యలోనే ఇసుకలో పూడ్చారు. తోడేళ్లు వాసన పట్టకుండా వెనక బండ్లన్నీ ఆ చోటు మీదుగా నడిపారు.

మధ్యాహ్నం దాటాక గాలి ఆగిపోయింది. ఉత్తరాన ఆకాశం నల్లబడింది. ఫిలీనా గుడ్డలు సగం తీసిందో లేదో, మంచు పొడి పిండి జల్లినట్టు వచ్చి కళ్లు మూసేసింది. పిల్లని లోపలికి తోసి తలుపుకి గడియ పెట్టింది. కాసేపటికి కిటికీ తెల్లబడింది. తర్వాత బూడిద రంగుకి తిరిగింది. ఆ తర్వాత చీకటే. గాలి హోరు కూడా దూరమైపోయింది. గుట్టంతా మంచు కింద పూడిపోయిందని అప్పుడర్థమైంది ఆమెకి.

లోపల పగలో రాత్రో తెలియడం లేదు. పొగగొట్టం పూడుకుపోయి పొగ వెనక్కి తన్నింది. చంటివాడు ఓరిన్ దగ్గి దగ్గి నీలం తిరిగాడు. ఫిలీనా పొయ్యి ఆర్పేసింది. దీపం ఒక్కటే మిగిలింది. గాలి చాలక దాని మంట కూడా చిన్నదైపోతోంది. తలుపు లోపలికి తీస్తే ఎదురుగా మంచు గోడ, దాని మీద తలుపు పలకల అచ్చు. పార పశువుల పాకలో ఉంది.

"నాన్న వస్తాడు కదమ్మా?" అంది లవీనా.

"వస్తాడు. తవ్వి మనల్ని తీస్తాడు."

ఆ మాట అన్న కాసేపటికే వినిపించింది.

గరుక్... గరుక్... ఎవరో తవ్వుతున్నారు.

ఫిలీనాకి ప్రాణం లేచొచ్చింది. ఇనప పెనం తీసుకుని గరిటెతో గట్టిగా కొట్టింది. "ఇక్కడున్నాం, ఇక్కడే." చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి త్వరగా, ఆత్రంగా.

లవీనా ఆమె గౌను అంచు పట్టి లాగింది.

"అమ్మా, అది తలుపు దగ్గర కాదు."

ఫిలీనా పెనం దించింది. చెవి ఒగ్గి విన్నది. మంచులోంచి కాదు. వెనకనించి. తూర్పు గోడ లోంచి. ఆ గోడ వెనక గుట్ట తప్ప ఏముంది?

దీపం అటు పట్టింది. నల్లటి బంకమట్టి గోడ. మధ్యలో గుప్పెడంత చోటు వణుకుతోంది. చూస్తుండగానే పెళ్ల ఊడి కింద పడింది. ఆ కన్నంలోంచి తెల్లటి నది ఇసుక సన్నగా జారింది. ఆ గుట్టలో అలాంటి ఇసుక లేదు. తడి దుప్పటి వాసన గదంతా నిండింది.

"పిచ్చుకా..."

పిల్ల మొహం వెలిగింది. "నానమ్మా?"

ఫిలీనా కూతురి నోరు చేత్తో మూసేసింది. గోడతో మాట్లాడింది.

"అత్తయ్యా, మేం కావాలని వదల్లేదు. మీకు తెలుసు."

"తెలుసే." ఆ గొంతులో కోపం లేదు. దానికే ఎక్కువ భయమేసింది. "చాలా దూరం వచ్చాను. అంతా చీకటి. చలేస్తోంది ఫిలీనా."

"ఇక్కడ చోటు లేదు అత్తయ్యా. పిల్లలకే గాలి చాలడం లేదు."

గోడలో చప్పుడు ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా...

"అయితే ఒకర్ని ఇటు పంపు. నాకు తోడుంటారు."

ఫిలీనా పెనం తీసుకుని మంచు మీద పడింది. తవ్విన మంచు పొయ్యడానికి గది తప్ప వేరే చోటు లేదు. ఒక్కో పెనం ఎత్తిపోసినకొద్దీ గది ఇరుకైపోతోంది. మంచు కుప్ప పిల్లని తూర్పు గోడ వైపుకే తోస్తోంది. వెనక ఇసుక జారుతోంది. ముందు మంచు తరగడం లేదు. గోళ్లు చిట్లి రక్తం కారింది. ఆమె తవ్వుతూనే ఉంది.

"నానమ్మ చెయ్యి కనిపిస్తోందమ్మా," అంది లవీనా మెల్లగా.

"చూడకు. నా వైపు రా."

దీపం ఆరిపోయింది.

అదే క్షణంలో పెనం ఖాళీలోకి దూసుకుపోయింది. పైనించి కళ్లు చెదిరే వెలుగు... సూర్యుడు. ఓరిన్ని శాలువాలో కట్టి ముందు పైకి నెట్టింది. తను నడుందాకా పాకి, వెనక్కి తిరిగి చీకట్లోకి చెయ్యి చాపింది.

"లవీనా, చెయ్యివ్వు. త్వరగా."

కాసేపటికి చిన్న చెయ్యి ఆమె చేతిలోకి వచ్చింది. మంచుగడ్డలా ఉంది. ఫిలీనా గట్టిగా పట్టుకుని బయటికి లాగేసింది.

పిల్లలిద్దర్నీ ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ వాగు అవతల ఉన్న బెర్గిట్ ఇంటికి చేరింది. ఆ నార్వే విధవరాలు ఏమీ అడక్కుండా పాలు కాచి ఇచ్చింది. లవీనా తాగలేదు. పొయ్యి ముందు కూర్చుంది. ఒక్క మాటా మాట్లాడలేదు. భయపడిందిలే, రెండ్రోజుల్లో సర్దుకుంటుందంది బెర్గిట్.

హైరమ్ మర్నాడు వచ్చాడు. అంతా విని, పొగ తలకెక్కి ఏవేవో విన్నావన్నాడు. దుప్పట్లు తెస్తానని గుట్ట దగ్గరికి వెళ్లాడు. పొద్దు వాలేసరికి ఉత్త చేతులతో తిరిగొచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"తలుపుకి లోపల గడియ పెట్టుంది," అన్నాడు.

"నేను తెరిచే వచ్చాను," అంది ఫిలీనా.

"తట్టాను. లోపల్నించి పిలిచింది... నాన్నా, చీకటిగా ఉంది, అమ్మ నన్ను మర్చిపోయింది అని."

"ఎవరు?"

"లవీనా గొంతే. పిల్ల నీ దగ్గరుందన్న ధైర్యంతోనే కదా ఫిలీనా, నేను తలుపు విరక్కొట్టకుండా పారిపోయొచ్చాను."

ఇద్దరూ పొయ్యి వైపు చూశారు. మంట ముందు కూర్చున్న పిల్ల నెమ్మదిగా హైరమ్ వైపు తల తిప్పింది. వచ్చినప్పటినించి మొదటిసారి నోరు విప్పింది.

"తలుపు తియ్యలేదు గదరా?" అంది.