నాలుగో బోల్టు మీద పసుపు గీత

రెక్క ఒకచోట పడింది. కారు ఒకచోట పడింది.

ఆదివారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలు. రేసు ట్రాక్ మీద మూడో రౌండు. ఎర్ర స్పోర్ట్స్ కారు మలుపు తిరుగుతుండగా దాన్ని నేలకి అదిమిపట్టేందుకు వెనక బిగించిన రెక్క ఊడి గాల్లోకి లేచింది. పట్టు తప్పిన కారు రెండు చుట్లు తిరిగి టైర్ల గోడను గుద్దుకుంది. నడుపుతున్నాయన పళ్ళ డాక్టరు. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మూడు చోట్ల విరిగింది. స్పృహ లేదు.

ఇన్‌స్పెక్టర్ పది ఇరవైకి వచ్చాడు.

డిపార్ట్‌మెంటులో ఆయన్ని చాటుగా 'మెరుపు' అంటారు. కేసులు ఆయన చేతిలో నానవు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ఇష్టం. ఎవరైనా అంటే విననట్టు నటించేవాడు, అంతే.

అప్పటికే హెడ్ కానిస్టేబుల్ అక్కడుంది. స్టేషన్లో అందరికీ ఆమె హెడ్డమ్మ. కారు వెనక వంగి, సెల్‌ఫోన్‌తో ఏదో ఫోటో తీస్తోంది.

"అందుకు ఫోటోగ్రాఫర్ వస్తున్నాడు. నువ్వెళ్ళి ఆ జనాన్ని వెనక్కి నెట్టు," అన్నాడు నలుగురిలో.

ఆమె ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఊడిపోయిన రెక్క కారు కంపెనీది కాదు. ఒక షెడ్డులో చేత్తో చేసింది. చేసిన మాస్టర్ అక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. కార్బన్ ఫైబర్ గుడ్డని అచ్చులో పరిచి, రెజిన్ జిగురు పట్టించి రెక్క పోసేది ఆయన. ఆ రెక్కని డిక్కీకి పట్టి ఉంచే అల్యూమినియం బ్రాకెట్లు గీసి, కోసేది ఆయన బావమరిది.

"రెక్క ఎన్ని బోల్టుల మీద నిలుస్తుంది?"

"నాలుగు సార్."

"మూడు ఎగిరిపోయాయి. రెక్క ఇక్కడ చిరిగింది గనక ఇదొక్కటి మిగిలింది."

ఇన్‌స్పెక్టర్ వంగాడు. మాస్టర్ కూడా పక్కనే వంగాడు. ఇన్‌స్పెక్టర్ రెండు వేళ్ళతో బోల్టు తల పట్టుకుని తిప్పాడు. అది చిటుక్కుమని, గిర్రున తిరిగింది.

"చూశారా! వేళ్ళతో తిరుగుతోంది. బిగించిన బోల్టు ఇలా తిరుగుతుందా?"

మాస్టర్ నోరు తెరిచాడు. మాట రాలేదు.

బోల్టు తల మీద పసుపు పెయింటు గీత ఉంది. బ్రాకెట్ మీద ఇంకో ముక్క ఉంది. రెండూ ఒకదానికొకటి కలవడం లేదు.

"ఈ గీతేమిటి?"

మాస్టర్ గీత మీంచి చూపు తిప్పుకున్నాడు.

"మా షాపు పద్ధతి సార్. బోల్టు బిగించాక దాని తల మీంచి బ్రాకెట్ మీదికి ఒక గీత గీస్తాం. తర్వాత బోల్టు కదిలితే గీత తెగుతుంది. చూడగానే తెలిసిపోతుంది. పసుపు నాది. ఎరుపు మా బామ్మర్దిది. బిగించినవాడే గీయాలి."

"అంటే మీరు బిగించారు, తర్వాత ఎవరో విప్పారు. అంతేగా?"

మాస్టర్ తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని అవునని రాసుకున్నాడు.

ఫోటోగ్రాఫర్ పది ముప్పై ఒకటికి వచ్చి, తెగిన గీతని నాలుగు వైపుల నుంచీ తీశాడు.

ఆ తర్వాత అంతా మెరుపు వేగమే. షెడ్డు బయట సీసీ కెమెరా ఉంది. ఆదివారం ఉదయం ఏడు నలభైకి బావమరిది లోపలికి వెళ్ళాడు. చేతిలో రెంచి. నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చాడు. అంతకుముందు సాయంత్రం బావా బావమరుదులు గట్టిగా అరుచుకున్నారని పక్క షెడ్డు వెల్డరు చెప్పాడు.

పన్నెండేళ్ళుగా ఆ షెడ్డులో పనిచేస్తున్నా అతన్ని అందరూ 'బామ్మర్ది' అనే పిలిచేవాళ్ళు. వచ్చిన కస్టమర్లు కూడా "బామ్మర్ది గారూ, మా కారు అయిందా?" అని అడిగేవాళ్ళు. మాస్టర్ అతన్ని పరిచయం చేసే తీరు అలాంటిది మరి.

"పొద్దున్నే షెడ్డుకెందుకు వెళ్ళావ్?" ట్రాక్ ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టర్ బల్ల గుద్దాడు.

"బోల్టులు చూద్దామని సార్."

"విప్పడానికి."

"కాదు సార్. గొడవైన రోజు బావ పని మీద మనసు పెట్టడు. ఒకసారి రెంచి వేసి చూద్దామనుకున్నా."

"చూశావా?"

"లేదు సార్. నాలుగింటి మీదా బావ గీత ఉంది. ఆయన గీత గీశాక నేను రెంచి పెడితే ఆయన పనిని శంకించినట్టు. తిరిగొచ్చేశాను."

"కథలు బాగా అల్లుతావే!"

"నిజం సార్. నన్ను నమ్మండి సార్."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట చెవిన పెట్టలేదు. ట్రాక్ మీద ఉన్న జనం ముందు నుంచే సంకెళ్ళు వేసి నడిపించాడు. హత్యాయత్నం కేసు. సాయంత్రం విలేకరులతో, "ఆరు గంటల్లో తేల్చాం," అని మీసం దువ్వుకున్నాడు.

సోమవారం ఉదయం పదకొండుంబావు. నాలుగింటికి నిందితుణ్ణి కోర్టులో హాజరుపరచాలి. ఇన్‌స్పెక్టర్ రిమాండ్ రిపోర్టు రాస్తున్నాడు.

హెడ్డమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఏమిటి?"

"నిన్ననే చెబుదామనుకున్నాను సార్. మీరు కోప్పడతారని..."

ఫోను బల్ల మీద పెట్టింది. నాలుగో బోల్టు ఫోటో. టైము పది పన్నెండు. ఆయన రావడానికి ఎనిమిది నిమిషాల ముందు.

పసుపు గీత బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి తిన్నగా ఉంది. ఎక్కడా తెగలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆ ఫోటోనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తన కుడిచేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. నలుగురిలో ఈమె నోరు మూయించింది తను. చేతులారా ఆ గీతని తెంచిందీ తనే. తను తెంచిన గీతనే చూపించి ఒక మనిషికి సంకెళ్ళు వేశాడు.

"ఎవరైనా విప్పి ఉంటే ఈ గీత అప్పుడే తెగి ఉండాలి కద సార్," అంది ఆమె మెల్లగా.

"ఉండాలి."

ఆయన లాకప్ దగ్గరికి వెళ్ళాడు. బావమరిది గోడకానుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని కళ్ళలోకి చూడలేక తాళం వైపు చూస్తూ అడిగాడు.

"బోల్టు ఒకప్పుడు బిగించారా లేదా అన్నది గీత కాకుండా ఇంకెలా తెలుస్తుంది?"

"వాషర్ కింద చూడాలి సార్. మా బ్రాకెట్లకి నల్ల కోటింగ్ ఉంటుంది. గట్టిగా బిగిస్తే వాషర్ దాన్ని నొక్కి గుండ్రంగా అచ్చు పడుతుంది. మళ్ళీ విప్పినా ఆ అచ్చు పోదు."

పన్నెండింటికి ఇన్‌స్పెక్టర్ సీలు విప్పించి, బ్రాకెట్ బయటికి తీయించాడు. ఈసారి తను ముట్టుకోలేదు. హెడ్డమ్మే బోల్టు తీసి వాషర్ ఎత్తింది.

కింద కోటింగ్ నున్నగా ఉంది. ఎగిరిపోయిన మూడు బోల్టుల చోటా అంతే. ఎక్కడా అచ్చు లేదు.

మధ్యాహ్నం రెండింటికి అందరూ షెడ్డులో ఉన్నారు. రెజిన్ ఘాటు వాసన. గోడ మీద రెంచీలు వరసగా వేలాడుతున్నాయి. మధ్యలో డెలివరీకి సిద్ధంగా ఉన్న ఇంకో కారు ఉంది. దాని రెక్క మీద కూడా పసుపు గీతలే. మాస్టర్ పని బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన భార్య తలుపు దగ్గర నిలబడింది. తమ్ముణ్ణి చూసి మొహం తిప్పుకుంది. అతని చేతులకు సంకెళ్ళు లేకపోవడం ఆమె గమనించలేదు.

"బోల్టుల్ని ఎవరూ విప్పలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అసలు ఎవరూ బిగించలేదు."

మాస్టర్ గోడ మీది రెంచీల వైపు చూశాడు.

"వాషర్ల కింద అచ్చు లేదు. వేళ్ళతో తిప్పి వదిలేసిన బోల్టుల మీద గీతలు గీశారు. మూడు రౌండ్ల అదురుకి మూడు ఊడిపోయాయి. నాలుగోదాని మీద పెయింటు దట్టంగా పడింది, అది జిగురులా పట్టి ఆపింది. ప్రమాదం తర్వాత కూడా ఆ గీత తెగలేదు. ఇదిగో, పది పన్నెండుకి మా హెడ్ కానిస్టేబుల్ తీసిన ఫోటో."

"మరి తెగిన గీత ఫోటో పేపర్లో వేశారు కదా?" మాస్టర్ భార్య అడిగింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇక్కడికి వచ్చే దారంతా ఈ వాక్యాన్నే మనసులో వల్లెవేసుకున్నాడు.

"దాన్ని తెంచింది నేనమ్మా. ఏమీ ఆలోచించకుండా వేళ్ళతో తిప్పాను. ఈమె అంతకుముందే ఫోటో తీస్తుంటే వద్దని తరిమేశాను. మీ తమ్ముడు చెప్పింది వినలేదు. రిపోర్టులో ఇదంతా నా చేత్తోనే రాశాను. సిగ్గుగా ఉంది."

హెడ్డమ్మ నేల చూపులు చూసింది.

ఇన్‌స్పెక్టర్ మాస్టర్ వైపు తిరిగాడు. "డాక్టరుగారు శనివారం రాత్రి నెట్‌లో పెట్టిన వీడియో చూశాను. సాయంత్రం అయిదు నలభైకి తీసింది. అందులో మీరు గీతలు గీస్తున్నారు. మీ వెనక టార్క్ రెంచి గోడకి వేలాడుతూనే ఉంది. ఆ రెంచి ఎప్పుడు దించారు?"

"దించలేదు," అన్నాడు మాస్టర్. "వెలుతురు పోతోంది, గీతలు గీసేది తీస్తాను అన్నారు డాక్టరుగారు. ముందు గీసేస్తే ఏమైంది, తర్వాత బిగించి మళ్ళీ గీసుకోవచ్చులే అనుకున్నా. 'అంతా నా చేత్తోనే చేశాను' అని కెమెరా ముందు గొప్పలు పోయాను. వీడు విన్నాడు. బ్రాకెట్లు నావి కాదా బావా అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆ కోపంలో ఇంటికి వెళ్ళిపోయాను. తెల్లారి వచ్చి చూస్తే నాలుగింటి మీదా నా గీత ఉంది. బిగించేశాననే అనుకున్నాను. నా గీతని నేనే నమ్మాను."

ఇన్‌స్పెక్టర్ వెళ్ళి బావమరిది ఎదురుగా నిలబడ్డాడు.

"మీరు ఇంటికి వెళ్ళవచ్చు," అన్నాడు. నిన్నంతా నువ్వు నువ్వని అరిచిన నోటికి ఆ 'మీరు' కొత్తగా ఉంది. "నన్ను క్షమించండి."

బావమరిది తలూపాడు. కానీ కదల్లేదు.

"ఒక్కటి అడగాలి సార్. మీరు ఆ బోల్టు తిప్పినప్పుడు మా బావ ఎక్కడున్నాడు?"

ఇన్‌స్పెక్టర్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చింది. భుజానికి భుజం తగిలేటట్టు పక్కన వంగిన మనిషి. తెరిచిన నోరు. రాని మాట. దించుకున్న తల. జవాబు తెలిసినా, చెప్పడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

"పక్కనే ఉన్నాను రా," అన్నాడు మాస్టర్.

"తెగకముందు గీత చూశావా?"

"చూశాను."

"అప్పుడే అర్థమైందా?"

మాస్టర్ రెండు చేతుల్తోనూ బల్ల అంచు పట్టుకున్నాడు. "అయింది. చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఈయన ఎవరో విప్పారన్నారు. ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. నిన్ను తీసుకెళ్తారని తెలియదు. తీసుకెళ్ళాక కూడా ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళ పేరు పోతుందని భయపడ్డాను రా."

ఆయన భార్య తలుపు దగ్గరినుంచి నెమ్మదిగా నడిచి వచ్చింది.

"రాత్రి అన్నం పట్టుకెళ్తానంటే వద్దన్నారు," అంది భర్తతో. "అలాంటివాడి మొహం చూడొద్దన్నారు. నేను చూడలేదు. ఇందాక ఇక్కడ కూడా చూడలేదు."

ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా తమ్ముణ్ణి నేనే నమ్మలేదురా."

"ఊరుకో అక్కా."

అతను చెయ్యి విడిపించుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. టార్క్ రెంచి దించాడు. బిగింపు సరిపోతే టక్కుమనే రెంచి అది. దాన్ని తీసుకుని డెలివరీ కారు వెనక వంగాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి బావ గీత గీసిన బోల్టు మీద రెంచి పెట్టాడు.

టక్.

రెండోది. టక్. మూడోది. నాలుగోది. ఏ బోల్టూ కదల్లేదు. గీతలు చెక్కు చెదరలేదు.

"బాగానే ఉన్నాయి," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా.

మాస్టర్ తడబడుతూ బల్ల మీదున్న ఎర్ర పెయింట్ పెన్ను తీసి అతనికి చాచాడు. "ఇక నుంచి నీ గీతే ఉండనీ రా. షాపుకి నీ పేరే పెడదాం."

బావమరిది ఆ పెన్ను అందుకోలేదు. రెంచిని తీసినచోటే తగిలించాడు.

"వీటిని బిగించింది నేను కాదు బావా," అన్నాడు. "బిగించినవాడే గీయాలి."

అక్కాతమ్ముళ్ళు బయటికి నడిచారు. హెడ్డమ్మ వాళ్ళకి దారిచ్చింది. షెడ్డులో మాస్టరూ ఇన్‌స్పెక్టరూ మిగిలారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, ఆ నాలుగు పసుపు గీతల వైపే చూస్తూ నిలబడిపోయారు.