మూడో అంతస్తులో ఇస్సాకు స్వెట్టరు

బ్రూక్‌ఫీల్డ్‌లో ఆ ఆఫీసు మూడో అంతస్తు చివర ఒక చల్లటి గది ఉండేది. ఒక పెద్ద ఆస్పత్రి రోగుల వివరాలన్నీ దాచే కంప్యూటర్లు అందులోనే. రాత్రి పన్నెండు దాటితే వాచ్‌మన్ చెన్నరాయప్ప రెండో అంతస్తు మెట్ల దగ్గరే ఆగిపోయేవాడు.

"ఆడ ఇస్సాకు సారు ఇంకా ఉండాడమ్మా," అనేవాడు.

ఇస్సాకు ఆరేళ్ళు ఆ కంప్యూటర్లను చూసుకున్న మనిషి. ఒక రాత్రి ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన బూడిదరంగు స్వెట్టరు ఆ కుర్చీకే వేలాడుతుండేది. చలికి ఆగలేనివాళ్ళు తొడుక్కునేవాళ్ళు... వెళ్ళేటప్పుడు మళ్ళీ అక్కడే తగిలించేవాళ్ళు.

ఇది 2004 మాట. మారతహళ్ళిలో మా ఇంటి పైభాగంలో అద్దెకున్న వరూధిని చెప్పింది. ఎక్కడ మరిచిపోతానోనని ఆ పూటే రాసిపెట్టుకున్నాను.

వరూధినిది కొత్త ఉద్యోగం. ఆ రాత్రి గదిలో ఒక్కతే. చలికి ఆ స్వెట్టరే తొడుక్కుంది. ఆస్పత్రి రికార్డులకు టెస్ట్ అని ఒక నకలు ఉంటుందట, ప్రయోగాలు చేసుకోవడానికి. ఆ నకలును తుడిచేసి ఆరింటికల్లా కొత్తది నింపాలి. ఆలస్యమైతే ఉద్యోగం ఖాయం చేయరు.

తెర మీద రెండు నల్ల విండోలు. ఒకటి అసలుది. ఒకటి టెస్ట్. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.

రెండూ పదికి, తుడిచెయ్యమని ఆజ్ఞ ఇచ్చింది. అంతే —

కరెంటు పోయింది.

కంప్యూటర్లు బ్యాటరీల మీద నడుస్తూనే ఉన్నాయి. దీపాల్లేవు. ఏసీ లేదు. కార్డు పెడితే తెరుచుకునే తలుపు... తెరుచుకోలేదు.

ఇంటర్‌కమ్ ఎత్తింది. "చెన్నరాయప్పా, తలుపు తెరుచుకోవట్లేదు. పైకి రా."

"జనరేటర్ స్టార్ట్ కాలేదమ్మా. మెకానిక్‌కి ఫోన్ చేసినా."

"ముందు నువ్వు రావయ్యా!"

"వచ్చి ఏం చేసేది? నువ్వు ఆ పక్క, నేను ఈ పక్క. ఇద్దరం భయపడేది దేనికమ్మా?"

ఫోన్ పెట్టేసి తెర వైపు చూసింది. తుడవడం ఇంకా మొదలే కాలేదు. ఐదు నిమిషాలు... పదిహేను... ఇరవై ఐదు. ఏదో అడ్డం పడింది.

రోజువారీ పనులకు ఇస్సాకు రాసిపెట్టిన చిన్న చిన్న ప్రోగ్రాములు, స్క్రిప్టులంటారు, ఉండేవి. లోపల ఎవరున్నారు, ఎంత జాగా మిగిలింది, ఎవరి పనిని ఎవరు ఆపారు... అందరూ ఇప్పటికీ అవే వాడేవాళ్ళు. రికార్డులుండే ఒక పట్టికను ఒకరు పట్టుకుంటే, వాళ్ళు వదిలేదాకా ఇంకొకరు తుడవలేరట. ఎవరు పట్టుకున్నారో చూపించే స్క్రిప్టు నడిపింది.

ఆగినది — వరూధిని.

ఆపినది — ఇస్సాకు.

ఎక్కడినుంచి? ఈ గదిలోని కంప్యూటర్ నుంచే.

మెల్లగా వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. చెమటకు స్వెట్టరు వీపుకు అంటుకుపోయింది... తీసి నేలమీద పడేసింది.

అడ్డున్నవాళ్ళను బయటికి తోసేసే స్క్రిప్టు కూడా ఆయన రాసిందే. అదే నడిపింది. అది ముందొక ప్రశ్న వేసింది.

"ఇప్పుడు ఎక్కడున్నావు? పేరు కొట్టు."

టెస్ట్ అని కొట్టింది.

"కాదు. చూసుకో."

చీకట్లో తప్పు కొట్టాననుకుంది. ఒక్కో అక్షరం చూసి మళ్ళీ కొట్టింది.

"కాదు. చూసుకో."

అప్పుడు తలెత్తి విండో పైన ఉన్న పేరు చదివింది.

అది అసలుది.

ఎనిమిది లక్షల మంది. ఎవరికి ఏ మందు పడదో, ఎవరిది ఏ రక్తమో, అంతా అందులోనే ఉంది. ఆ వారం బ్యాకప్ తీసే మెషీన్ కూడా చెడిపోయింది. ఇస్సాకు పేరు అడ్డం తప్పుకుని ఉంటే...

తుడవడం రద్దు చేసింది. ఆ క్షణమే ఇస్సాకు పేరు తెరమీంచి మాయమైంది. వెనక దీపాలు వెలిగాయి. తలుపు టిక్కుమంది.

పొద్దున మేనేజర్ మహబూబ్ బాషా వచ్చేదాకా మెట్లమీదే కూర్చుంది. ఆయన అంతా విని ముందు చివాట్లు పెట్టాడు, తర్వాత నవ్వాడు.

"దెయ్యమేంటమ్మా! అది ఇస్సాకు స్క్రిప్ట్. రోజూ రెండింటికి దానంతటదే లేస్తుంది, ఆయన పేరుతోనే. పట్టికను పట్టుకుని రికార్డులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి వదిలేస్తుంది. ఆయనకు మతిమరుపంటే భయం. తను మరిచినా అది మరవకూడదని పెట్టాడు. రా, చూపిస్తా."

వరూధినికి ప్రాణం లేచొచ్చింది.

రోజూ వాటంతటవే నడిచే స్క్రిప్టుల జాబితా తెరిచాడు. ఇస్సాకు రాసిన వరస అక్కడే ఉంది. దాని ముందు ఒక చిన్న గుర్తు ఉంది. ఆ గుర్తు పెడితే కంప్యూటర్ ఇక ఆ వరసను చదవదు. నడపదు.

"సార్... ఇది ఎవరు ఆపారు?"

మహబూబ్ బాషా తెరకు దగ్గరగా వంగి ఆ గుర్తు మీద వేలు పెట్టాడు.

"నేనే," అన్నాడు. "ఆయన్ని సమాధి చేసొచ్చిన సాయంత్రం. రోజూ ఆ పేరు కనబడుతుంటే చూడలేక... ఏడాదిన్నరైంది. మరిచేపోయాను."