నీళ్ళింకా తయారవలేదు

"మీరు చేపల్ని పెంచడానికొచ్చారా, చంపడానికొచ్చారా?"

డ్రాయింగ్ మాస్టారు బిత్తరపోయాడు. ఇప్పుడే కొన్న గాజుతొట్టి చంకలో పెట్టుకుని ఒక ఫైటర్, కాసిని గప్పీలు, జత గోల్డ్‌ఫిష్‌లు ఇవ్వమన్నాడు, అంతే. దానికే చేపల షాపమ్మాయి కళ్ళెర్రజేసింది.

"రంగులు బావున్నాయనండీ..."

"రంగులు చూసి కాపురం పెట్టిస్తారా? ఫైటర్ పక్కన గప్పీని వేస్తే దాని తోక మిగలదు. గోల్డ్‌ఫిష్‌కి చల్లనీళ్ళు కావాలి, వీటికి వెచ్చనీళ్ళు. అయినా నీళ్ళే తయారవలేదు, అప్పుడే చేపలా?"

"నీళ్ళు తయారవడమేంటండీ, వంటా?"

ఆమె నవ్వు ఆపుకుంది. ఆ ఆపుకున్న నవ్వుకే మాస్టారు పడిపోయాడు.

"చేపల మురికిని తినే సూక్ష్మజీవులు ముందు పుట్టాలండీ. ఉత్త తొట్టిలోనే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, చేపలకి విషం. దాన్ని ఆ సూక్ష్మజీవులు అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తాయి. అప్పుడప్పుడూ సీసాలో నీళ్ళు పట్టుకురండి, పరీక్ష చేసి చెప్తాను."

'అప్పుడప్పుడూ' అన్నది మాస్టారికి 'రోజూ' అని వినబడింది. ఒక్కరోజు మానితే ఒట్టు!

ఇంతలో తొట్టిని కిటికీ దగ్గరికి జరపబోయి పగలగొట్టుకున్నాడు. గదంతా నీళ్ళు. తుడుస్తుంటే ఏడుపొక్కటే తక్కువ. తొట్టి పోయినందుక్కాదు, షాపుకెళ్ళే సాకు పోయినందుకు. ఇంకోటి కొందామంటే సంగతి ఆమెతోనే చెప్పాలి. మొదటిరోజే అంత మాట అన్న మనిషి, ఇప్పుడేమంటుందో!

సాయంత్రం వంటింటి కుళాయి తిప్పి, సీసా నింపుకుని దొంగలా బయల్దేరాడు.

ఆమె గాజుగొట్టంలో చుక్కలు వేసి, వెలుతురుకి పట్టి చూసింది. మాస్టారికి చెమటలు పట్టాయి.

"ఇంకా కాలేదండీ. రేపు తీసుకురండి."

అమ్మయ్య! అలా కుళాయి పుణ్యమా అని వారాలు గడిచిపోయాయి.

ఒకరోజు కౌంటర్లో ఆ అమ్మాయి వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఆవిడే షాపు యజమాని. చుక్కలు వేసి చూసి, మళ్ళీ వేసింది.

"అమ్మోనియా లేదు, నైట్రేట్ లేదు. మేత వేసిన తొట్టిలో ఏదో ఒకటి ఉండాలిగా బాబూ? ఇవి ఉత్త కుళాయి నీళ్ళు!"

వెనక గదిలోంచి వల పట్టుకుని అమ్మాయి రానే వచ్చింది.

"తొట్టి ఎప్పుడో పగిలిపోయిందండీ," అన్నాడు ఆమెతో. "మిమ్మల్ని చూడకపోతే ఏమీ తోచదు. మీరంటే ఇష్టం. ఇక రావద్దంటే రాను."

"తెలుసు."

"ఏది తెలుసు?"

"కుళాయి నీళ్ళని. తెచ్చిన మొదటిరోజే తెలుసు."

"మరి ఇంకా కాలేదన్నారు?"

ఆమె వల వైపు చూసింది. "నిజం చెప్తే సిగ్గుపడి మళ్ళీ రారేమోనని."

మాస్టారు హమ్మయ్యా అని స్టూలు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళ గుండెదడ ఒక్కసారిగా దిగిపోయింది. ఊపిరి తీసుకోవడం ఇంత హాయిగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

వాళ్ళమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ నా షాపులో కుళాయి నీళ్ళకి పరీక్షలన్నమాట!"

"అది కాదమ్మా..." కూతురు నసిగింది.

"నువ్వు మాట్లాడకు. ఇదిగో బాబూ, రేపు సీసా తేకు. మీ అమ్మానాన్నల్ని తీసుకురా."